ఊరే పేరైన ఓదెలు

మా గోదావరిఖనిలో చోట్లకు అంకెలు, మనుషులకు ఊళ్ళ పేర్లు. కొత్తగా వచ్చినవాళ్ళకు ఇది కాస్త తమాషాగా వుంటుంది. ఒకటో బాయి, రెండో బాయి, అయిదో బాయి, పదకొండో బాయి అంటూ బొగ్గు బావులన్నిటికీ అంకెలే. ఎనిమిదో ఇంక్లైన్ పేరున కట్టిన కాలనీకి కూడా ఆ అంకే స్థిరపడిపోయి 'ఎయిటింక్లైన్ కాలనీ' అయి కూర్చుంది. ఇన్ని అంకెల మధ్య, మా చౌరస్తాలో నిలబడి "ఓదెలన్నా!" అని ఒక్క కేక వేసి చూడండి. ఇద్దరో ముగ్గురో వెనక్కి తిరిగి "ఎవలే పిలిచింది?" అంటారు. అదే కేక ఏ విజయవాడ బీసెంట్ రోడ్డులోనో వేశారనుకోండి, "ఏమిటి వదిలెయ్యమంటాడు ఈయన?" అన్నట్టు చూసి పక్కకు తప్పుకుంటారు.

ఓదెలు అనేది అలాంటి పేరు. ఇక్కడ ఇంటికొకడు కాకపోయినా వాడకొకడు. నాలుగు జిల్లాలు దాటితే అసలు అది మనిషి పేరేనా అని అనుమానం. ఒకాయన నన్ను అడగనే అడిగాడు, "ఓదార్చేవాడు కనక ఓదెలా?" అని. పాపం, అర్థం కోసం ఆయన నిఘంటువు తిరగేసినట్టున్నాడు. ఈ పేరుకు అర్థం నిఘంటువులో దొరకదు. రైల్వే టైంటేబుల్లో దొరుకుతుంది.

రామగుండంలో కాజీపేట వైపు పోయే ప్యాసింజరు ఎక్కండి. పెద్దపల్లి దాటుతుంది, కొలనూరు వస్తుంది, ఆ తర్వాత పొత్కపల్లి రాకముందే ఒక చిన్న స్టేషను వస్తుంది. పసుపు బోర్డు మీద నల్లక్షరాలతో ఓదెల అని వుంటుంది. అదీ సంగతి. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా, 2016 అక్టోబరు 11 నుంచీ పెద్దపల్లి జిల్లా. ఊరు మామూలు ఊరే గాని, అక్కడున్న దేవుడు మామూలు దేవుడు కాడు. ఆయన ఓదెల మల్లన్న. గుడిమీద మల్లికార్జునస్వామి అని రాసుకుంటారు, పక్కన భ్రమరాంబ అమ్మవారు. జనం నోట మాత్రం ఎప్పుడూ మల్లన్నే.

సంక్రాంతి వెళ్ళాక ఉగాది దాకా మల్లన్న గుళ్ళన్నిటా సందడే. బోనాలు ఎత్తుకుంటారు, బండారి చల్లుకుంటారు. ఒగ్గు పూజారులు రంగురంగుల పొడులతో నేలమీద పట్నం వేస్తారు. ఒగ్గు అంటే చేతిలో పట్టే చిన్న డమరుకం. అది మోగిస్తూ మల్లన్న పెండ్లిళ్ళ కథ, బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మల కథ రాత్రంతా చెబుతారు. తెల్లవారేసరికి కథ వినడానికి వచ్చినవాడి పిల్లవాడికి పేరు కూడా ఖాయమైపోయి వుంటుంది.

ఎలాగంటారా? పెళ్ళయి ఏళ్ళు గడిచినా సంతానం లేదు. లేకపోతే పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోతున్నారు. అప్పుడు ఇంట్లో ముసలమ్మ పసుపు బట్టలో రూపాయి ముడివేసి దండెం మీద కడుతుంది. "మల్లన్నా, పిల్లగాడు నిలబడితే నీ గడప తొక్కి నీ పేరే పెట్టుకుంటం" అని మొక్కుతుంది. పిల్లవాడు నిలుస్తాడు. పుట్టు వెంట్రుకలు గుడి దగ్గరే తీస్తారు. ఇక పేరు. మల్లయ్య అని పెట్టొచ్చు. కాని మల్లయ్య అంటే ఏ మల్లయ్య? కొమురవెల్లి మల్లన్న వున్నాడు, ఐనవోలు మల్లన్న వున్నాడు, ఆ దూరాన శ్రీశైలం మల్లన్న వున్నాడు. మొక్కినది ఒకరికి, చెల్లించినది మరొకరికి అయితే ఎట్లా? అందుకని దేవుడి పేరు పక్కన పెట్టి దేవుడుండే ఊరి పేరు పెట్టారు. చిరునామా తప్పే ప్రశ్నే లేదు.

ఓదెల, ఓదెలు కావడంలో కూడా చిన్న చమత్కారం వుంది. మనకు మగవాళ్ళ పేర్ల చివర గౌరవానికి 'లు' చేర్చడం అలవాటు. రాముడు రాములు అవుతాడు, నరసింహుడు నర్సింహులు అవుతాడు, ఆంజనేయుడు ఆంజనేయులు అవుతాడు. ఇక్కడ ఊరిపేరులోనే ఆఖరున 'ల' సిద్ధంగా వుంది. దానికి కొమ్ము తగిలిస్తే చాలు, ఊరు మనిషైపోయింది. ఇంత చౌకగా మరే ఊరికీ మనిషి కాగల యోగం పట్టలేదేమో. ఓదయ్య అన్నా ఓదన్న అన్నా అదే. ఆడపిల్లయితే ఓదెమ్మ.

స్థలకథ ఒకటి చెబుతారు. ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలి కర్రు పుట్టకు తగిలిందట, ఆ పుట్టలో స్వామి వున్నాడట. ఆ రైతు పేరు కూడా ఓదెలే అని భక్తులు అంటారు. అంటే మనిషి వల్ల ఊరికి పేరొచ్చిందా, ఊరివల్ల మనిషికా? విత్తు ముందా చెట్టు ముందా అన్న తగాదా ఇది. నా మటుకు నాకు ఊరే ముందనిపిస్తుంది. ఊరిపేరు చివర 'ల' రావడం మనకు పాత మర్యాద. మంచిర్యాల, జగిత్యాల, గద్వాల, నంద్యాల, అన్నీ ఆ వరసే. మనిషి పేరే ముందైతే ఆ పేరు వేరే సీమల్లో కూడా ఎక్కడో ఒకచోట వినిపించాలి గదా! వినిపించదు. గుడిచుట్టూ చిక్కగా వుండి, దూరం పోయినకొద్దీ పలచబడుతుంది, బావిలో రాయి వేస్తే లేచిన అలల్లాగా. అయినా భక్తుల కథను నేను కొట్టిపారెయ్యను. పుట్టలో దేవుణ్ణి ముందుగా చూసినవాడు మనలాంటి పేరున్నవాడే అనుకోవడంలో ఒక తృప్తి వుంది. దాన్ని వ్యాకరణంతో చెరపడం ఎందుకు?

ఓదెలుకు అన్నదమ్ములు కూడా వున్నారు. కొమురవెల్లిని జనం కొమ్రెల్లి అంటారు. అక్కడ మొక్కి కన్నవాడు కొమురయ్య, ఒక్కోసారి అచ్చంగా కొమురెల్లి. ఐనవోలును ఐలోని అంటారు. అక్కడివాడు అయిలయ్య, ఆడపిల్ల అయిలమ్మ. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకులకు నేలకొరిగిన దొడ్డి కొమురయ్య పేరు తెలియని తెలంగాణవాడు వుండడు. తన పంట గింజ దొరకు దక్కనివ్వని పాలకుర్తి చాకలి ఐలమ్మ 1985లో కన్నుమూసింది. సాయుధ పోరాటంలో ముందుగా గుర్తొచ్చే రెండు పేర్లూ చూడండి. ఒకటి కొమురవెల్లి మొక్కు, ఒకటి ఐలోని మొక్కు. చరిత్ర పుస్తకాల్లో మల్లన్న ఎక్కడా కనిపించడు గాని, ఆయన గుళ్ళు మాత్రం మనుషుల రూపంలో పుట పుటకూ తిరుగుతూనే వుంటాయి.

ఇక్కడ ఒక మాట. చెవికి ఒకేలా వినిపించిన ప్రతి పేరూ చుట్టం కాదు. జోడెఘాట్ వీరుడు కొమురం భీముడి పేరులో 'కొమురం' వుంది కదా అని ఆయన్ను కొమురవెల్లి లెక్కలో వేసేవాళ్ళున్నారు. అది గోండుల్లో ఒక వంశం పేరు, కుమ్రం. దానికీ మల్లన్నకూ సంబంధం లేదు. పేర్ల చరిత్రలో తొందరపాటు పనికిరాదు.

మల్లన్న మనకొక్కరికే దేవుడా అంటే, కాడు. మహారాష్ట్రలో జెజూరి ఖండోబా, కర్ణాటకలో మైలార లింగడు, ఇక్కడ మల్లన్న, ముగ్గురూ ఒక్క కుదురే అని పండితులు చెబుతారు. ఓరుగల్లు వీధుల్ని వర్ణించిన 'క్రీడాభిరామము'లో మైలారు భటులు అప్పుడే కనిపిస్తారు. మూడు చోట్లా పసుపు బండారే ప్రసాదం, మూడు చోట్లా గొర్రెలకాపరులే ముందు వరస భక్తులు. ఖండోబాకు మల్హారి అని కూడా పేరు. ఇందూరు హోల్కరు రాజ్యాన్ని నిలబెట్టిన మల్హారరావుది (1693-1766) గొర్రెల కాపరుల కులమే. ఆయన కొడుకు ఖండేరావు. అహల్యాబాయి ఆ ఖండేరావు భార్య. తండ్రి పేరూ కొడుకు పేరూ కూడా ఒకే దేవుడివి! కర్ణాటకలో గాంధీగారి వెంట దండి యాత్ర నడిచిన మైలార మహాదేవప్ప వున్నాడు. కాబట్టి మా ఓదెలుకు మరాఠా రాజుల బంధుత్వం వుందని నేనంటే ఎవరూ కాదనడానికి లేదు. తేడా అల్లా, వాళ్ళు దేవుడి పేరు పెట్టుకున్నారు, మావాళ్ళు దేవుడి ఊరు పెట్టుకున్నారు.

ఊరిపేరు మనిషికి పెట్టడం వింతేమీ కాదు లెండి. మన ఇళ్ళలో తిరుపతి వున్నాడు, యాదగిరి వున్నాడు, శ్రీశైలం వున్నాడు. విశాఖపట్నం వైపు పోతే సింహాచలం, తమిళదేశంలో పళని, చిదంబరం. దూరదేశాల్లోనూ ఇంతే. ఫ్రాన్సులో మేరీమాత కనిపించిందనే లూర్దు ఊరిపేరు ఆడపిల్లలకు పెట్టుకుంటారు. ప్రేమకథల్లో రోమియో పేరుకు మూలార్థం రోముకు యాత్ర పోయివచ్చినవాడు అని. అంతటి రోమియో కూడా ఆ లెక్కన ఓదెలు తమ్ముడే. కాకపోతే తిరుపతి, శ్రీశైలం దేశమంతా ఎరిగిన క్షేత్రాలు. ఓదెలది చిన్న వృత్తం. చిన్న దేవుడి పేరు పెట్టుకున్నవాడికి పరాయి చోట అర్థం చెప్పే పని జీవితాంతం వుంటుంది.

ఇంతకీ ఈ పేరు మా బొగ్గుబాయి దాకా ఎట్లా వచ్చింది? ముందు కంపెనీ పేరు సంగతి చూడండి. 1871లో భూగర్భ శాఖకు చెందిన డాక్టర్ కింగు ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు కనుగొన్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1920 డిసెంబరు 23న అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. సింగరేణి అంటే ఇల్లెందు దగ్గర ఒక పల్లె. ఆ పల్లె పేరు కొత్తగూడెం మీదుగా, బెల్లంపల్లి మీదుగా గోదావరి ఒడ్డు వెంట నడిచి నడిచి, 1960ల మొదట్లో మా రామగుండం అడవుల్లోకి వచ్చింది. అప్పటిదాకా ఇక్కడ గోదావరి వుంది గాని ఖని లేదు. ఆ విధంగా చూస్తే సింగరేణి కంపెనీ కూడా ఒక ఓదెలే. పుట్టిన ఊరు పేరు నెత్తిన పెట్టుకుని వేరే ఊళ్ళో బతుకుతోంది.

బావులు తెరవగానే చుట్టుపక్కల పల్లెలు కదిలాయి. సుల్తానాబాద్ నుంచి, మంథని నుంచి, జమ్మికుంట నుంచి, గోదావరి అవతల చెన్నూరు నుంచి జనం వచ్చారు. వానమీద ఆధారపడ్డ సేద్యం, దొరల కింద వెట్టి, అప్పు, ఇవన్నీ వదిలి నెలజీతం మీద పడ్డారు. తట్టా చెమ్మస్ పట్టుకుని టబ్బులు నింపారు. వాళ్ళలో కురుమలున్నారు, గొల్లలున్నారు, కాపులున్నారు, మాల మాదిగలున్నారు. పేరు ఒక్క కులానిది కాలేదు. మొక్కుకు కులమేమిటి? కొమురయ్య అంటే అటు జనగామ వైపువాడేమోనని, అయిలయ్య అంటే వరంగల్ వైపువాడేమోనని, రాజేశం అంటే వేములవాడ రాజన్న మొక్కేమోనని, సమ్మయ్య అంటే మేడారం జాతర ఇల్లేమోనని పెద్దవాళ్ళు మస్టర్ దగ్గర నిలబడి అంచనా కట్టేవాళ్ళు. ప్రతిసారీ నిజం కాకపోవచ్చు. అయినా పేరు వినగానే "ఏ ఊరు బిడ్డా మనది?" అన్న ప్రశ్న సగం తీరిపోయేది.

ఇక అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. ఊళ్ళో పేరు నోటిమీద వుంటుంది. కంపెనీలో పేరు కాగితం మీద వుంటుంది. నోటికి ఓదెలు, ఓదేలు, ఓదయ్య, అన్నీ ఒక్కటే. పిలిస్తే పలికేవాడు ఒక్కడే గదా! కాగితానికి అవి ముగ్గురు మనుషులు. దాన్ని ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక గుమస్తా ఒక అక్షరం మింగితే, ఇంకొకాయన ఒత్తు ఒకటి దానం చేస్తాడు. సర్వీసు బుక్కులో ఒకటి, బడి సర్టిఫికెట్లో ఇంకొకటి, ఆధార్లో మూడోది.

ఇది అక్షరాల గొడవ. ఇంతకంటే లోతైనది మారుపేర్ల గొడవ. బొగ్గుబావుల్లో పనిచేసే కార్మికుల ఇళ్ళల్లో ఈ మాట తెలియనివాళ్ళు లేరు. వెనకటి రోజుల్లో ఎవరి పేరునో వచ్చిన పని కాగితం పట్టుకుని మరొకరు చేరిపోవడం జరిగింది. అన్న పేరుమీద తమ్ముడు, ఊరివాడి పేరుమీద ఊరివాడు. ఆకలి అవసరం అటువంటిది. చేరినవాడు ముప్పయ్యేళ్ళు ఆ పేరుతోనే మస్టర్ పడ్డాడు, ఆ పేరుతోనే జీతం తీసుకున్నాడు. బాయిలో ఒకరు, ఇంట్లో ఒకరు. బండ కూలితే తల పగిలేది ఇంటి మనిషికి, రికార్డులో గాయం రాసేది బాయి మనిషికి.

ఒంట్లో సత్తువ వున్నన్నాళ్ళూ ఏ చిక్కూ రాదు. ఊపిరితిత్తులు పాడై, వైద్యపరీక్షలో పనికిరాడని తేల్చి, కొడుక్కి ఉద్యోగం అడిగేనాడు వస్తుంది. "నీ తండ్రి పేరు ఏమిటి?" అని కొడుకును అడుగుతారు. బడిలో రాయించినది ఓదెలు. సర్వీసు రికార్డులో వున్నది మరెవరో. విచారణ మొదలవుతుంది. తండ్రి కళ్ళెదుట వున్నా, ఆయన తండ్రేనని రుజువు చెయ్యాలి. 2017 మార్చిలో హైకోర్టు వారసత్వ ఉద్యోగాల పథకాన్ని కొట్టివేసింది. 2018 నుంచి కారుణ్య నియామకాలన్న పేరుతో వైద్యకారణాల మీద ఉద్యోగాలు ఇస్తున్నారు. దారి మారింది గాని పేరు అడిగే కిటికీ మారలేదు. గుర్తింపు సంఘం ఎన్నికల్లో మారుపేర్ల సవరణ ఒక హామీగా వినిపిస్తూనే వచ్చింది. ఒక ఎన్నికలో మనుషుల పేర్లే హామీ కావడం ఇంకెక్కడైనా వుందేమో నాకు తెలియదు.

మొక్కి, ముడుపు కట్టి, చిరునామా తప్పకుండా పెట్టుకున్న పేరు అది. అటువంటి పేరును బతుకు కోసం గుడ్డలో మూటగట్టి ఇంట్లో వదిలి, వేరే పేరుతో లోపలికి దిగాల్సి వచ్చిందంటే, ఆ మనిషి ఏం ఇచ్చి ఆ జీతం తెచ్చుకున్నాడో ఆలోచించండి. చెమట అందరూ ఇచ్చారు. అతడు పేరు కూడా ఇచ్చాడు.

మంచి రోజులు కూడా చూసింది ఈ పేరు. చెన్నూరు నుంచి నల్లాల ఓదేలు 2009లో, 2010 ఉప ఎన్నికలో, 2014లో శాసనసభకు గెలిచారు. అది షెడ్యూల్డు కులాలకు రిజర్వయిన స్థానం. మొదటిసారి రాజధాని పత్రికలు ఆ పేరును పెద్దక్షరాల్లో అచ్చువేశాయి. ఆ తర్వాత సినిమావాళ్ళు వచ్చారు. 2022లో 'ఓదెల రైల్వే స్టేషన్' అని ఒకటి, 2025లో 'ఓదెల 2' అని మరొకటి. మా బొగ్గుబావుల మసితో 2023లో వచ్చిన 'దసరా' తీసిన దర్శకుడు శ్రీకాంత్ ఇంటిపేరు కూడా ఓదెలే. పట్నవాసులకు ఇప్పుడు ఊరు తెలిసింది. తెలిసిందేదో హత్యలూ దయ్యాల కథలతో తెలిసింది. మల్లన్న ఏమనుకుంటున్నాడో.

ఊరికి పేరొచ్చిన ఈ రోజుల్లోనే మనిషికి ఆ పేరు పెట్టేవాళ్ళు తగ్గిపోయారు. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల చుట్టూ వుంది. ఓదెలుల సంఖ్య అంతకంటే వేగంగా తగ్గింది. ఇప్పటి పిల్లల పేర్లు రెండక్షరాల్లో, ఏ దేశంలోనైనా నోరు తిరిగేలా వుంటాయి. తప్పు పట్టడానికేమీ లేదు. పిల్లవాడు ఎక్కడెక్కడ బతకాలో తల్లిదండ్రులకు తెలుసు. పుట్టు వెంట్రుకలు ఇప్పటికీ మల్లన్న దగ్గరే తీస్తారు. పేరు మాత్రం ఇంటర్నెట్లో వెతుకుతారు. కొందరు యువకులు పెద్దవాళ్ళు పెట్టిన ఓదెలును ముందు ఒక్క అక్షరంగా కుదించి, చివర కొత్త పేరు తగిలిస్తారు. ఆ ఒక్క అక్షరం తీసెయ్యరు గనక మల్లన్నకు మాట తప్పినట్టు కాదు.

నాకొకటే కోరిక. ఇంట్లో ఓదెలు తాత వుంటే, ఆయన పేరు ఏ కష్టంలో ఎవరు మొక్కితే వచ్చిందో పిల్లలు ఒక్కసారి కూర్చుని అడగాలి. బాయిలో ఆయన పేరేమిటో కూడా అడగాలి. రెండూ ఒక్కటే అయితే ఆ ఇంటి అదృష్టం. వేరైతే, ఇంటి పేరుతో పిలిచి ఒక గ్లాసు చాయ్ ఇవ్వండి. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఆయనకు ఎంతోమంది మిగిలి వుండరు.